రెండే గదులు గల ఠాణా

పెండ్లి జరిగిన యింటికిని, పురుడు వెళ్లిన యింటికిని చప్పట్లు చరచుచు వచ్చి, పాట పాడి, పసిబిడ్డ నెత్తిన చేయి పెట్టి, కానుక పుచ్చుకొని పోవువారిని మన గృహస్థులలో నెఱుగనివారుండరు. వారు వాకిట నిలిచినంతసేపు వారి నోటిమాటకు వెఱతుము. వీథిమలుపు తిరిగినంతనే వారినిగూర్చి నవ్వుదుము. ఆ మలుపు దాటిన పిమ్మట వారి గతి యేమగుచున్నదో యోచించుట మనకలవాటు లేదు. ఒక రాత్రి యెక్కడనో దొంగతనము జరిగినదనియు, అనుమానముమీద వారిలో నొకరిని పోలీసువారు పట్టుకొనిపోయిరనియు ననుకొందము. ఠాణాలో మగవారికొక గది, ఆడువారికొక గది, అంతకుమించి లేవు. జవాను వీరి నేగదిలో నుంచవలెను? వీరి యొడలు సోదా చేయువారు మగవారా, ఆడువారా? దినచర్యపుస్తకములో వీరి పేరేమని యెక్కించవలెను? ఈ ప్రశ్నలకు నూటయేబది సంవత్సరములుగా మన దేశపు చట్టము చెప్పుచు వచ్చిన ప్రత్యుత్తరముల చరిత్రయే యీ వ్యాసమునకు విషయము.

ముందుగా నొక సందేహము తీర్చవలెను. లోకము వేర్వేరు సంగతులను ఒకే మూటగా కట్టి వాడుకొనుచున్నది. పుట్టిననాడు పెద్దలు వ్రాయించిన లింగమొకటియు, తమ మనస్సెఱిగిన లింగము వేఱొకటియు నైనవారు ట్రాన్స్‌జెండరు వ్యక్తులు. పుట్టుకతోనే దేహలక్షణములు స్త్రీకిగాని పురుషునకుగాని మనము పెట్టుకొన్న కొలతలలో నిముడనివారు ఇంటర్‌సెక్సు వ్యక్తులు. హిజ్రాలన్ననో, గురుశిష్యపరంపరతోను సొంత కట్టుబాట్లతోను బ్రదుకు నొక సంఘము. ఈ మూడును ఒక్కొక్కచోట కలిసినను ఒకటి కావు. మన వీథులలో వాడుకలోనున్న తిట్టుపదములు ఈ భేదము నెఱుగవు. పాత చట్టములును ఎఱుగవు.

పూర్వము మన దేశమున వీరికి గౌరవమే యుండెనని గొప్పలు చెప్పుకొనుట కొందఱకు పరిపాటి. అది సగము నిజము. అల్లాఉద్దీను ఖిల్జీ సేనాని మాలిక్ కాఫరు 1310లో ఓరుగల్లు కోటను ముట్టడించి ప్రతాపరుద్రునిచేత కప్పము కట్టించుకొన్నవాడు, అతడు నపుంసకుడు. ఢిల్లీలోను, లక్నోలోను, హైదరాబాదులోను అంతఃపురముల తాళపుచెవులు ఖ్వాజాసరాల చేతిలో నుండెను. కాని వారిలో పలువురు బాల్యమున బానిసలుగా అమ్ముడుపోయి శస్త్రమునకు గుఱియైనవారు. ఆ గౌరవమునకు వారు చెల్లించిన వెల యెట్టిదో మఱవరాదు. అయినను ఒక్కటి చెప్పవచ్చును: వారు వీథిలో నడచుటయే నేరమని యే రాజును శాసనము చేసినట్లు కానరాదు. ఆ పని ఆంగ్లేయులు చేసిరి.

1852లో వాయవ్యపరగణాలలోని మైన్‌పురిజిల్లాలో భూరా అను హిజ్రా హత్య చేయబడెను. చంపబడినది హిజ్రాయే యైనను, ఆ విచారణ ముగియునప్పటికి అధికారుల కన్నులలో దోషము ఆ సంఘమంతటిమీదను పడెను. పిల్లల నపహరించి శస్త్రము చేయుదురనియు, అసహజనేరములు చేయుదురనియు నింద మోపి, దాదాపు ఇరువదియేండ్లు కాగితములు నడపి, తుదకు 1871లో నేరజాతుల చట్టము చేసిరి. ఆ చట్టమున మొదటిభాగము సంచారజాతులను పుట్టుకతోనే దొంగలుగా నెంచిన దుర్మార్గము. దానినిగూర్చి మన పత్రికలలో ఎంతయో వ్రాయబడినది. రెండవభాగము నపుంసకులకు సంబంధించినది. దీనినిగూర్చి వ్రాసినవారు తక్కువ.

ఆ రెండవభాగము చేసిన పని యిది. అనుమానింపబడిన వారి పేర్లును నివాసములును ఒక రిజిస్టరులో నెక్కించిరి. నేరము ఋజువు కానక్కఱలేదు, అనుమానము చాలును. పట్టీకెక్కినవారు ఆడువారి దుస్తులు గాని నగలు గాని ధరించి వీథిలో కనబడినను, వీథిలోనివారికి కనబడవలెనని యెచ్చట నిలిచినను, బహిరంగముగా ఆడినను వాయించినను, కూలికి ఒకరి యింట ఆడినను, వారంటు లేకయే పట్టుకొనవచ్చును, రెండేండ్లవఱకు ఖైదు. పదునాఱేండ్లలోపు బాలుడు వారి యింట నున్నను అంతే శిక్ష. పట్టీకెక్కినవారు మైనరునకు సంరక్షకులు కారాదు, దానము చేయరాదు, వీలునామా వ్రాయరాదు, దత్తు చేసికొనరాదు. ఎవరిని నపుంసకుడనవలెననగా, తానే యొప్పుకొన్నవాడు, లేదా వైద్యపరీక్షలో పుంస్త్వము లేనట్లు స్పష్టముగా కనబడిన మగవాడు. కాబట్టి ఈ చట్టమునకు తలుపు వైద్యుని బల్లమీదుగా తెరచుకొనెను.

చదువరులారా, విరాటనగరమున నొక పోలీసుఠాణాయును, దానిలో నీ చట్టపుప్రతియును ఉన్నవనుకొనుడు. చీర కట్టి, గాజులు తొడిగి, రాజకుమారి ఉత్తరకు నాట్యము నేర్పుచున్న బృహన్నలను వారంటు లేకయే సంకెళ్లు వేసి కొనిపోయియుందురు. కురుక్షేత్రము జరుగవలసిన యేడు మన అర్జునుడు రెండేండ్ల ఖైదులో నుండెడివాడు. వ్యాసభారతమునందు విరాటుడు సయితము ఆ వచ్చినవారిని స్త్రీలచేత పరీక్షింపజేసిన పిమ్మటనే కన్యాంతఃపురమునకు పంపెను. ఆ పరీక్ష వెనుక కొలువు దొరకెను. ఈ పరీక్ష వెనుక కారాగృహము దొరకెను.

చట్టము చేసినవారి యుద్దేశము నేరము నాపుట మాత్రమే కాదు. కొందఱు అధికారులు తమ వ్రాతలలో దాచకయే చెప్పిరి: వీరి ఆట పాట మాన్పి, శిష్యులు చేరకుండ చేసి, ఆస్తి సంక్రమింపకుండ కట్టిపెట్టినచో ఈ జాతి క్రమక్రమముగా అంతరించునని. గురువు చచ్చిన యిల్లు శిష్యునకు రాకూడదనుటలోని కిటుకు ఇదియే. మనుష్యులను చంపకయే సంఘమును చంపుటకు ఆస్తిచట్టముకంటె వాడియైన కత్తి లేదు. వితంతువులకు ఆస్తి లేకుండ చేసిన మన పెద్దల పద్ధతి నెఱిగిన గృహిణులకు దీని మర్మము విడమరచి చెప్పనక్కఱలేదు.

ఆ కాలమున పోలీసు చేతిలో పడినవారి స్థితి యెట్లుండెనో తెలియుటకు 1884లో అలహాబాదు హైకోర్టు ముందుకు వచ్చిన ఖైరాతీ వ్యాజ్యమొకటి చాలును. ఒక కుటుంబపు స్త్రీల నడుమ ఆడువేషమున పాడుచున్నందున ఖైరాతీ పోలీసుల చేతికి చిక్కెను. సివిలు సర్జను దేహపరీక్ష చేసి తన యభిప్రాయము వ్రాసి యిచ్చెను. దానిమీద శిక్షాస్మృతిలోని 377వ సెక్షనుక్రింద సెషన్సు న్యాయాధికారి శిక్ష విధించెను. నేరము ఎప్పుడు జరిగినది, ఎచ్చట జరిగినది, ఎవరితో జరిగినది అను మూటిలో నొక్కదానికిని సాక్ష్యము లేదు. హైకోర్టు న్యాయమూర్తి స్ట్రెయిటు శిక్షను కొట్టివేసెను, అంతవఱకు న్యాయమే. కాని యిట్టి నడవడిని అరికట్టవలెనను అధికారుల కోరికను ఆయన మెచ్చుకొనుటయు ఆ తీర్పులోనే కలదు. ఖైరాతీకి జరిగిన దేహపరీక్షకు ఎవరును జవాబుదారులు కాలేదు. విడుదలయైనవాని శరీరము అప్పటికే ప్రభుత్వపు కాగితముగా మారిపోయెను.

నపుంసకుల రిజిస్టరు ఆంగ్లేయులకే తుదకు బరువయ్యెను. 1911లో నేరజాతుల చట్టమును తిరిగి వ్రాసినప్పుడు ఆ భాగమును విడిచిపెట్టిరి. మిగిలిన చట్టమును స్వతంత్రభారతము 1952లో రద్దుచేసెను. ఇచ్చటితో కథ ముగిసినచో బాగుండెడిది.

ముగియలేదు. ముగియనీయనివారు మనవారే. ఆంగ్లేయులు విడిచిన యెనిమిదేండ్లకు, ఫసలీ 1329లో, అనగా క్రీస్తుశకము 1919లో, హైదరాబాదు సంస్థానమున నపుంసకుల చట్టమొకటి పుట్టెను. దానిలో 1871నాటి పట్టీయే, 1871నాటి ఆడువేషపు నేరమే, 1871నాటి వారంటు లేని అరెస్టే, 1871నాటి పదునాఱేండ్ల బాలుడే! దొరలు పాతవస్త్రమును పాఱవేసినచో మనము దానిని ఉతికి ఇస్త్రీ చేసి తొడుగుకొంటిమి. 1948లో నిజాము పాలన ముగిసెను, 1950లో రాజ్యాంగము వచ్చెను, 1956లో ఆంధ్రప్రదేశమేర్పడెను, చట్టమునకు పేరుముందు ఆంధ్రప్రదేశ తెలంగాణప్రాంతమను బిరుదు తగిలించిరి గాని దానిని త్రోసివేయలేదు. 2014లో తెలంగాణము వేఱు రాష్ట్రమైనను ఆ చట్టము వెంబడివచ్చెను. హైదరాబాదు వీథులలో చీరకట్టుకొని నిలిచినవారిని పట్టుకొనుటకు అదొక దుడ్డుకఱ్ఱగా మూలనుండెను. ఎన్నడో ఒకనాడు వాడినను కఱ్ఱ కఱ్ఱయే; వాడకున్నను దాని భయము భయమే.

అచ్చటి ఆ వర్గమువారే దానిమీద ప్రజాహితవ్యాజ్యము తెచ్చిరి. 2018లో హైకోర్టు ఆ చట్టపు అమలును తాత్కాలికముగా నిలిపెను. 2023 జూలైలో ప్రధానన్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కరరెడ్డి గార్ల ధర్మాసనము అది సమానత్వమునకును, జీవితమునకును, గౌరవమునకును విరుద్ధమని చెప్పి కొట్టివేసెను. వారికి ఆసరా పింఛను ఇయ్యవలెనని కూడ ఉత్తరువు చేసెను. నూటనాలుగేండ్లు బ్రదికిన చట్టము! మన యిండ్లలో అంతకాలము బ్రదికిన పెద్దలు అరుదు.

ఇక చట్టములు పోయినను చేతులు పోవుట లేదు. 2006లో చెన్నపట్టణమున అరవాణి యొకరిని దొంగతనపు అనుమానముతో పోలీసులు మాటిమాటికి ఠాణాకు పిలిపించి హింసించిరి. ఆ హింసకు తాళలేక వారు ఒంటికి నిప్పంటించుకొని మరణించిరి. మరునాటియేడు మద్రాసు హైకోర్టు ఐదు లక్షల రూపాయలు నష్టపరిహారము విధించెను. 2011లో కర్ణాటకరాష్ట్రము తన పోలీసుచట్టమునకు ఒక క్రొత్త సెక్షను చేర్చి, నపుంసకుల రిజిస్టరు నుంచు అధికారమును పోలీసులకిచ్చెను; 1871నాటి మాటలు నూటనలువదేండ్లకు మరల అచ్చుపడెను. వ్యాజ్యము నడచిన తరువాత గాని ఆ పదము తొలగలేదు. అచ్చుయంత్రము మాఱినది, అచ్చులు మాఱలేదు.

ఇంటర్‌సెక్సు లక్షణములు గలవారి సంగతి మఱింత దయనీయము. వారికి వెనుక నిలుచు సంఘము సయితము ఉండదు. 2012లో వంగదేశమున, దేశమునకు పతకములు తెచ్చిన పరుగుపందెగత్తె యొకతె మీద నేరము మోపి అరెస్టు చేసిరి. ఆమె స్త్రీయా పురుషుడా యని ఆసుపత్రినుండి ఆసుపత్రికి త్రిప్పిరి. పురుషపోలీసులు ఆమెను పట్టుకొని నడిపించుచున్న ఛాయాచిత్రములు పత్రికలకెక్కెను. పరీక్షించునప్పటి చలనచిత్రమును ఎవరో తీసి లోకమునకు పంచిపెట్టిరి. 2014లో కలకత్తా హైకోర్టు ఆమెమీది నేరారోపణను కొట్టివేసెను. ఖైరాతీకిని ఆమెకును నడుమ నూటయిరువదియెనిమిది సంవత్సరములు. వైద్యుని బల్ల అదియే. మధ్యలో ఛాయాచిత్రయంత్రము మాత్రము వచ్చినది. పసితనముననే యిట్టి బిడ్డలమీద అనవసరముగా కత్తిపెట్టి ఒకకొలతకు తెచ్చు వాడుకను మద్రాసు హైకోర్టు 2019లో తప్పుపట్టగా, తమిళనాడు ప్రభుత్వము ఆ యేడే దానిని నిషేధించెను. ఠాణాలో ప్రారంభమగుననుకొన్న అవమానము కొందఱికి పురిటిగదిలోనే ప్రారంభమగుచున్నది.

2014 ఏప్రిల్ 15వ తేదీన సుప్రీముకోర్టు న్యాయమూర్తులు కె.యస్. రాధాకృష్ణన్, ఎ.కె. సిక్రీ గార్లు చెప్పిన తీర్పు ఈ చరిత్రలో పెద్దమలుపు. ఎవరి లింగమును వారు తామే యెఱింగి చెప్పవలెననియు, శస్త్రము చేయించుకొన్నగాని ఒప్పుకొనమనుట అధర్మమనియు ఆ తీర్పు నిర్ణయించెను. 377వ సెక్షను వయసువచ్చినవారి సమ్మతికి సంబంధించినంతవఱకు 2018 సెప్టెంబరు 6వ తేదీన కూలెను. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండరు వ్యక్తుల హక్కుల చట్టము చేసి, ఇంటర్‌సెక్సువారిని కూడ ఆ నిర్వచనములో చేర్చెను. దేహహింస, లైంగికహింస చేసినవారికి ఆరునెలలకు తక్కువకాకుండ రెండేండ్లవఱకు శిక్షయని ఆ చట్టము వ్రాసెను. స్త్రీమీద జరిగిన అట్టి నేరములలో గొప్పవానికి జీవితఖైదువఱకు ఉన్నదని తెలిసినవారు ఈ రెండేండ్ల లెక్కనుచూచి ఒకింత ఆలోచింపవలెను. ఒకే దెబ్బ, ధర వేఱు.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నలకు వత్తము. స్త్రీని సోదా చేయవలసివచ్చినచో మఱియొక స్త్రీయే, మర్యాదను మిక్కిలి పాటించి చేయవలెనని 1898నాటి నేరవిచారణస్మృతిలోనే కలదు. 1973నాటి దానిలో నిలిచెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరికసురక్షాసంహితలోను కలదు. స్త్రీని ప్రొద్దుగ్రుంకిన తరువాత అసాధారణకారణము లేక పట్టుకొనరాదనునది, స్త్రీని స్త్రీవైద్యురాలే పరీక్షింపవలెననునది కూడ దానిలో కలవు. ట్రాన్స్‌జెండరు మాట యీ సెక్షనులలో లేదు. అయినను, తాను స్త్రీనని చెప్పువారి మాటను గౌరవింపవలెనని 2014నాటి తీర్పు చెప్పినప్పుడు, ఈ రక్షణలన్నియు వారికిని చెందవలెనని వాదించుటకు ఏ ప్లీడరును బృహస్పతి కానక్కఱలేదు. చెందునని నోటితో చెప్పుట వేఱు. అర్ధరాత్రి ఠాణాలోని జవాను దానిని పాటించుట వేఱు.

చెఱసాలల విషయమున ప్రభుత్వము స్పష్టముగనే మాటాడినది. 2022 జనవరి 10వ తేదీన కేంద్ర హోంశాఖ రాష్ట్రములకు వ్రాసిన సలహాలేఖలో, వీరికి వేఱు ఆవరణము, వేఱు స్నానగృహము ఉండవలెననియు, వేఱుచేయుట పేర ఏకాంతశిక్ష చేయరాదనియు, సోదా వారు కోరిన లింగమువారు గాని శిక్షణ గల వైద్యసిబ్బంది గాని చేయవలెననియు ఉన్నది. మంచిదే. కాని చెఱసాలకు పోవుటకు ముందు ఠాణా వచ్చును. మొదటి యిరువదినాలుగు గంటలలోనే మనిషి విఱుగును. మేజిస్ట్రేటు ముందు నిలిచినప్పటికి జరుగవలసినది జరిగిపోయియుండును. ఆ లేఖ చెఱసాలల అధిపతులకు పోయినది గాని ఠాణాలోని రెండుగదుల సంగతి దానిలో లేదు. పోలీసుల నడవడినిగూర్చి తమిళనాడు 2022లో నియమము మార్చి, ఈ వర్గములవారిని వేధించు పోలీసు ఉద్యోగి నడవడినియమమును దాటినవాడగునని వ్రాసెను. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ 2021లో చెప్పిన తీర్పు దానికి మూలము.

ఒక విశేషము మాత్రము గృహస్థులందఱును తెలిసికొనదగినది. 1996లో సుప్రీముకోర్టు డి.కె. బసు వ్యాజ్యమున అరెస్టునుగూర్చి కొన్ని నియమములు విధించెను. పట్టుబడినవారి స్నేహితునకు గాని, బంధువునకు గాని, వారి క్షేమమును కోరు వేఱొకరికి గాని తెలియజేయవలెనని అందొకటి. హిజ్రాకు కన్నవారు తలుపు మూసియుందురు. బంధువనినచో ఎవరిని పిలుతురు? గురువును పిలువవచ్చును. క్షేమమును కోరువారను ఆ మాటలో గురువు నిశ్చయముగా నిముడును. దానము వీలునామా లేకుండ చేసి 1871నాటి చట్టము త్రెంచవలెననుకొన్న గురుశిష్యసంబంధమే యీనాడు లాకప్పు తలుపు దగ్గఱ కాపాడు త్రాడుగా నిలువగలదు. అదే తీర్పున అరెస్టునాడు దేహముమీది గాయములను వ్రాసి సంతకము చేయించవలెననియు, నలువదియెనిమిది గంటలకొకసారి వైద్యపరీక్ష జరుగవలెననియు ఉన్నది. ఖైరాతీని నాశనము చేయవచ్చిన వైద్యుడే యిచ్చట సాక్షి; భేదమంతయు అతడు దేనిని వెదకుచున్నాడనుటలో నున్నది. గాయమును వెదకినచో రక్షకుడు, లింగమును వెదకినచో శత్రువు.

పేరు వ్రాయుట యెట్లని యడిగితిమి. అతడని వ్రాయుదమా ఆమెయని వ్రాయుదమా యని తడబడు జవానుకు మన భాషలో వారు అను మాట సిద్ధముగా నున్నది. మన వ్యాకరణము ఏకవచనమున ఆడువారిని అమహత్తులలో చేర్చి చిన్నచూపు చూచినను, బహువచనమున అందఱిని మహత్తులతో కూర్చుండబెట్టినది. ఆ యొక్కమాట వ్రాయుటకు చట్టము మార్చనక్కఱలేదు, నిధులు మంజూరు కానక్కఱలేదు.

2024 డిసెంబరులో హైదరాబాదు పోలీసుశాఖ 39 మంది ట్రాన్స్‌జెండరు వ్యక్తులను వాహనముల రాకపోకలను సరిచూచు సహాయకులుగా చేర్చుకొనెను. 1919నాటి చట్టము ఏ వీథులలో నిలిచినందుకు వారిని పట్టుకొనుమన్నదో ఆ వీథుల కూడలులలోనే వారు ఖాకీ తొడిగి, ఈల నోటబెట్టి, చేయెత్తి బండ్లను నిలిపిరి. వారు కూడలినుండి పని ముగించుకొని పోలీసు ఠాణాకు తిరిగిపోయినప్పుడు, ఆ ఠాణాలో మగవారికొక గదియు, ఆడువారికొక గదియు నుండెను.